బొబ్బర్లంక నుంచి గన్నవరం అక్విడెక్టు దాకా: కోనసీమ కాలువ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంతకీ ఏ కాలువ గురించి ఇదంతా?

ధవళేశ్వరం దాటాక గోదావరి రెండు పెద్ద పాయలుగా చీలుతుంది. తూర్పుది గౌతమి, పడమటిది వశిష్ఠ. ఆ రెండిటికీ సముద్రానికీ మధ్య చిక్కిన మూడుమూలల నేల కోనసీమ. ఆ నేలకు నీళ్లిచ్చే ప్రధాన కాలువ ధవళేశ్వరం బ్యారేజీని ఆనుకుని ఉన్న బొబ్బర్లంకలో మొదలవుతుంది. ఇరిగేషన్ శాఖ కాగితాల్లో దీని పేరు మధ్య డెల్టా ప్రధాన కాలువ. ఆ పేరుతో దారి అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు. "పెద్ద కాలువ" అంటే చాలు, వేలు చూపిస్తారు.

బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం మీదుగా లొల్ల చేరి, అక్కడి లాకుల దగ్గర కాలువ చీలుతుంది. ఒక దారి అమలాపురం వైపు. ఇంకొకటి పి.గన్నవరం వెళ్లి, వశిష్ఠ నుంచి చీలిన వైనతేయ పాయను అక్విడెక్టు, అంటే కాలువను మోసే వంతెన, మీద దాటి రాజోలు సీమలోకి దిగుతుంది. దీని కింద సుమారు రెండు లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. మొత్తం గోదావరి డెల్టా ఆయకట్టు పది లక్షల ఎకరాల పైచిలుకు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడింట్లో ఇదే చిన్నది. చూడ్డానికి మాత్రం ఇదే బాగుంటుందని నా లెక్క. తూర్పు డెల్టా వాళ్లు ఒప్పుకోరు.

ఒక్క జాగ్రత్త. గన్నవరం అనగానే విజయవాడ విమానాశ్రయం ఉన్న ఊరికి మ్యాపు పెట్టుకుని బయల్దేరేవాళ్లున్నారు. ఇది కోనసీమ జిల్లాలోని పి.గన్నవరం.

ఈ కాలువలు తవ్వకముందు ఇక్కడ బతుకు ఎలా ఉండేది?

ఇప్పటి కొబ్బరితోటలు, పచ్చటి చేలు చూసి, ఇది అనాదిగా ఇలాగే ఉందనుకుంటాం. పక్కనే నది ఉన్నా ఈ నేల ఎండిన రోజులున్నాయి. గోదావరి వానాకాలంలో ఊళ్ల మీద పడేది. వేసవికి ఇసుకలో సన్నటి పాయగా మిగిలేది. వరద ఎంత వస్తే అంత సాగు, రాకపోతే లేదు.

1832-33లో వచ్చిన నందన కరువు తెలుగునాట లక్షల ప్రాణాలు తీసింది. 1839లో తుపాను ఉప్పునీళ్లను పొలాల మీదికి తెచ్చింది. 1821 ప్రాంతంలో రాజమండ్రి జిల్లా జనాభా 7.38 లక్షలుంటే, ఇరవై ఏళ్లకు 5.61 లక్షలకు పడిపోయింది. కొందరు చచ్చిపోయారు, కొందరు ఊళ్లొదిలి పోయారు.

ఈస్టిండియా కుంఫిణీ వాళ్లు కదిలింది జాలితోనే కాదు. జనంతోపాటు శిస్తూ పడిపోయింది. జిల్లా ఎందుకిలా దిగజారిందో తేల్చమని 1840ల్లో హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారిని పంపితే, నీటిపారుదల పనులు చేపట్టడమే దారి అని ఆయన చెప్పాడు. కాలువల వెనుక దయ ఉందా, లాభం ఉందా అని తరచూ వాదనలు జరుగుతుంటాయి. రెండూ ఉన్నాయి. లండన్‌లో ఉన్న డైరెక్టర్లను ఒప్పించింది మాత్రం రెండోదే.

అంతా కాటన్ దొరే కట్టాడా?

ఆలోచన, పట్టుదల ఆయనవి. ఆర్థర్ కాటన్ 1803 మే 15న పుట్టాడు. మద్రాసు ఇంజనీరింగ్ విభాగంలో చేరి ముందు కావేరి మీద పనిచేశాడు. గోదావరికి వచ్చేనాటికే కొల్లడం మీద ఆనకట్ట కట్టిన అనుభవం ఉంది. 1846 చివర్లో ధవళేశ్వరం ఆనకట్టకు అనుమతి వచ్చింది. 1847లో మొదలైన పని 1852 నాటికి పూర్తయింది. మధ్యలో ఎండదెబ్బకు ఆరోగ్యం చెడి కాటన్ ఆస్ట్రేలియా వెళ్లాల్సి వస్తే, కెప్టెన్ ఓర్ పని నడిపించాడు.

ఓర్ పేరు ఇక్కడ ఎవరికీ గుర్తులేదు. వీణం వీరన్న పేరు మాత్రం కొంత మిగిలింది. కాటన్ దగ్గర పనిచేసిన తెలుగు ఇంజనీరు ఆయన. కూలీలను కూడగట్టడం, వాళ్ల మధ్య ఉండి పని చేయించడం, కట్టాక డెల్టాలో నీటి నిర్వహణ చూడటం, అన్నిట్లో ఆయన చేయి ఉంది. రాయ్ బహదూర్ బిరుదు ఇచ్చారు. 1867లో పోయాడు. ధవళేశ్వరం లాకు దగ్గర ఆయన పేర శిలాఫలకం ఉంది. కాటన్ విగ్రహాలకు ఈ జిల్లాల్లో లెక్కలేదు. వీరన్న ఫలకం దగ్గర ఆగి చదివేవాళ్లు తక్కువ. మీరు ఆగండి.

వేలల్లో పనిచేసిన వడ్డెరలు, కూలీలు, తాపీవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

ఇక్కడి పండితులు గోదావరి స్నాన సంకల్పంలో కాటన్‌ను భగీరథుడితో పోల్చి తలుచుకునే శ్లోకం ఒకటుంది. పరాయి పాలకుల ఇంజనీరుకు సంకల్పంలో చోటు దొరకడం మామూలు సంగతి కాదు. ఏటా మే 15న ధవళేశ్వరంలో రైతులు, ఇంజనీర్లు కలిసి ఆయన జయంతి చేస్తారు.

అడుగున రాయి లేదు కదా, ఇసుకలో ఆనకట్ట ఎలా నిలబడింది?

ఇదే అసలు తమాషా. గోదావరి ఇక్కడ సుమారు నాలుగు మైళ్ల వెడల్పు. మధ్యలో లంకలు. అడుగున ఎంత తవ్వినా ఇసకే. పునాది అంటే గట్టి నేల దొరికేదాకా తవ్వడమే అనుకునే ఇంగ్లండు ఇంజనీరుకు ఇది కొరుకుడుపడదు.

కాటన్‌కు దారి చూపింది కావేరి మీది కల్లణై. చోళుల కాలం నుంచి ఇసుకలోనే నిలబడి ఉన్న ఆ రాతికట్టను ఆయన దగ్గరగా చూశాడు. బరువైన రాళ్లు ఇసుకలోకి కొంత దిగి, అక్కడే కుదురుకుంటాయి. కొట్టుకుపోయిన చోట మళ్లీ వేస్తూ పోతే కట్ట గట్టిపడుతుంది. దాన్ని ఇక్కడి నూతుల పద్ధతికి జోడించారు. ఇటుకలతో గుండ్రంగా నుయ్యి కట్టి, లోపలి ఇసుక తోడేస్తుంటే నుయ్యి తన బరువుకే కిందికి దిగుతుంది. అలా ఆరడుగుల వెడల్పు నూతులను వరసగా దింపి, వాటిమీద గోడ లేపి, దిగువన ఏటవాలుగా రాళ్లు పేర్చారు. రాయి ధవళేశ్వరం కొండల్లోదే.

ఆనకట్ట నాలుగు ముక్కలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. మధ్య లంకలు వదిలేస్తే కట్టడం పొడవు సుమారు మూడున్నర కిలోమీటర్లు, ఎత్తు పన్నెండు అడుగులు. అంత పొట్టి గోడా అనిపించొచ్చు. డెల్టాకు అంతే కావాలి. ఇక్కడ నీళ్లు నిలవ చేయడం ఉద్దేశం కాదు, నది మట్టాన్ని కాలువ నోటికి అందేంత పైకి లేపడమే. మిగతాది వాలు చూసుకుంటుంది.

ఇప్పుడు కనిపించేది ఆ పాత ఆనకట్టేనా?

కాదు. నూట ఇరవై ఏళ్లకు పైగా పనిచేశాక దాని స్థానంలో 1970ల్లో మొదలుపెట్టి 1982 నాటికి కొత్త బ్యారేజీ కట్టారు. మొత్తం 175 గేట్లు: ధవళేశ్వరంలో 70, ర్యాలిలో 43, మద్దూరులో 23, విజ్జేశ్వరంలో 39. మీదుగా రోడ్డు. కట్టిన నాలుగేళ్లకే, 1986 ఆగస్టులో, 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద దాన్ని పరీక్షించింది. బ్యారేజీ నిలిచింది. గట్లు తెగి లంకలు, ఊళ్లు మునిగాయి. కోనసీమలో పెద్దవాళ్లు ఇప్పటికీ సంవత్సరాలను "ఎనభైయారు ముందు, ఎనభైయారు తర్వాత" అని లెక్కపెడతారు.

లొల్ల లాకులు ఎందుకంత ప్రసిద్ధి?

సినిమాల వల్ల. ఏటవాలు గట్లు, పాతకాలపు కట్టడం, కాలువ చీలే చోట నురగ కక్కే నీళ్లు, చుట్టూ కొబ్బరిచెట్లు. తెలుగు సినిమాలో గోదావరి పల్లెటూరు అన్నప్పుడల్లా కెమెరా ఇక్కడికి వచ్చింది. ఇప్పుడు పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు వస్తున్నారు.

లాకు అంటే అసలు పడవల కోసం కట్టింది. కాలువ ఒక్కో చోట మెట్టు దిగినట్టు పల్లానికి దిగుతుంది. అలాంటి చోట పడవ నేరుగా దిగలేదు. అందుకని రెండు జతల తలుపుల మధ్య ఒక తొట్టి కడతారు. పడవ లోపలికి రాగానే వెనక తలుపులు మూసి, ముందు తలుపుల తూములు తీస్తారు. తొట్టిలో నీరు మెల్లగా కింది కాలువ మట్టానికి దిగుతుంది, పడవా దిగుతుంది. అప్పుడు ముందు తలుపులు తీస్తే పడవ సాగిపోతుంది. ఎక్కేటప్పుడు ఇదే తిరగేసి. మోటారు లేదు, కరెంటు లేదు. పిల్లలకు సైన్సు పాఠంలో చెప్పినదానికంటే ఇక్కడ గట్టు మీద నిలబెట్టి చెబితే త్వరగా ఎక్కుతుంది.

పడవలు పోయాక లాకుల పని ఏ కాలువకు ఎంత నీరు వదలాలో తేల్చడమే. షట్టర్లు ఎత్తి దించేది లస్కర్లు. పై నుంచి వచ్చిన ఉత్తర్వు ఏదైనా, చివరికి మీ చేలో నీరు ఉందా లేదా అన్నది లస్కరు చేతిలో పని. ఆ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచి కాలువలు సరిగా నడవట్లేదని సమావేశాలు పెట్టడం నాకు వింతగా ఉంటుంది.

గన్నవరం అక్విడెక్టు దగ్గర చూడాల్సింది ఏముంది?

వైనతేయ పాయ కోనసీమను రెండు చేస్తుంది. అవతల రాజోలు, నగరం వైపు భూములు. నాలుగువైపులా నీళ్లే, పొలంలోకి మాత్రం చుక్క రాదు. ఇవతలి కాలువ నీటిని నది మీదుగా అవతలికి దాటించాలి. అందుకని నది మీద వంతెన కట్టి, దానిమీద మనుషులకు బదులు కాలువను నడిపించారు.

1850ల మొదట్లో, ఆనకట్ట ముగింపుకొస్తున్న రోజుల్లో, లెఫ్టినెంట్ హేగ్ అనే కుర్ర ఇంజనీరు దీన్ని కట్టించాడు. నలభై అడుగుల వెడల్పు కమానులు 49. పొడవు ఏడొందల మీటర్లకు కాస్త తక్కువ. వరద తగ్గి మళ్లీ వరద వచ్చేలోపు, అంటే కొద్ది నెలల్లో, నదిలో పని తేల్చాలి. ఇటుక, సున్నం, మనుషుల చేతులు, ఇవే ఉన్నవి. అప్పట్లో దానిమీద పడవలు కూడా నడిచేవి. కింద నదిలో ఒక పడవ, దానికి అడ్డంగా పైన కాలువలో ఇంకో పడవ వెళుతుంటే ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

ఆ కట్టడం నూట నలభై ఏళ్లకు పైగా నీళ్లు మోసింది. 2000లో పక్కనే కొత్త అక్విడెక్టు వచ్చింది. దాని మీదుగా వాహనాలూ వెళతాయి. పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఉన్నాయి. జనం ఎక్కువగా కొత్తదాని మీద బండి ఆపి సెల్ఫీ తీసుకుని వెళ్లిపోతారు. నా సలహా, కిందికి, ఇసుక తిన్నెల వైపు దిగి చూడండి. కమానుల వరస అక్కడి నుంచే పూర్తిగా కనిపిస్తుంది. వరద లేని రోజుల్లో మాత్రమే సుమా.

పాత అక్విడెక్టుకు దక్కాల్సిన గౌరవం దక్కలేదు. కమానుల సందుల్లో రావి మొక్కలు మొలిస్తే పీకే నాథుడుండాలి. ఇంకో ఊళ్లో, ఇంకో రాష్ట్రంలో అయితే టికెట్ పెట్టి చూపించేవారు.

కొత్త అక్విడెక్టుకు డొక్కా సీతమ్మ పేరు ఎందుకు పెట్టారు?

ఆమె ఇక్కడి కోడలు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న గారిని పెళ్లాడింది. నది దాటడానికి పడవ కోసం ఎదురుచూసే బాటసారులకు, వరదల్లో చిక్కినవాళ్లకు, కులం అడగకుండా, వేళ చూడకుండా అన్నం పెట్టింది. ఆస్తి కరిగిపోయినా పొయ్యి ఆర్పలేదు. 1909లో పోయింది.

ఏడో ఎడ్వర్డు పట్టాభిషేక ఉత్సవాలకు ఆమెను ఆహ్వానిస్తే రానందని, ఆమె ఫొటో తెప్పించుకుని కుర్చీలో పెట్టారని ఇక్కడ ఇంటింటా చెప్పుకుంటారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిలో మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టడంతో మిగతా జిల్లాల పిల్లలకూ ఆ పేరు తెలిసింది.

అక్విడెక్టుకు ఈ పేరు బాగా కుదిరింది. అవతలి గట్టుకు వెళ్లేవాళ్ల ఆకలి ఆమె చూసింది, ఇప్పుడు అవతలి గట్టు చేలకు నీళ్లు ఈ కట్టడం ఇస్తోంది.

నిజంగా ఈ కాలువల్లో పడవల మీద ప్రయాణించేవారా?

నిజంగానే. కాటన్ దృష్టిలో కాలువ అంటే సగం సాగు, సగం రవాణా. రైళ్లకంటే కాలువలు చవకని జీవితాంతం వాదించాడు. ఆ వాదనలో ఓడిపోయాడు.

ఓడిపోయినా, ఈ డెల్టాలో రెండు మూడు తరాలపాటు జనం రాదారి పడవల్లోనే తిరిగారు. రాత్రి భోజనం చేసి పడవెక్కితే తెల్లారేసరికి ఊరు. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గెడ. అదీ చాలకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు భుజానికేసుకుని లాగేవాళ్లు. కాలువగట్టు అంత చదునుగా, నీటిని ఆనుకుని ఉండటానికి ఒక కారణం ఆ తాడు మనుషుల నడక. సరంగు చుక్కాని పట్టుకుని కూర్చునేవాడు. పెళ్లివారు, వడ్లు, కొబ్బరికాయలు, కొత్తకోడలి సారె, వకీలు దగ్గరికి పోయే దావా కాగితాలు, అన్నీ అదే పడవలో.

మిగతా డెల్టాలో రైలు, రోడ్డు వచ్చి పడవలను త్వరగా పక్కకు నెట్టేశాయి. కోనసీమకు నేటికీ సరైన రైలు లేదు. కోటిపల్లి–నరసాపురం లైను మా తాతల కాలం నుంచి వార్తల్లో ఉంది. అందుకే ఇక్కడ పడవలు ఇంకొన్నాళ్లు నిలిచాయి. లారీలు వచ్చాక వాటికీ పని అయిపోయింది.

ఇప్పుడు పడవలో వెళ్లడానికి వీలుందా?

కాలువ పొడవునా వెళ్లే సర్వీసు ఏదీ లేదు. 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ ఉన్నాయి గానీ, మధ్య డెల్టా కాలువ లేదు. నదిలో షికారు పడవలు వేరే సంగతి.

ఈమధ్య సంక్రాంతికి ఆత్రేయపురం దగ్గర ఈ కాలువలోనే కాటన్ పేరుతో డ్రాగన్ పడవల పోటీలు పెడుతున్నారు. గట్ల మీద ఇసుక వేస్తే రాలనంత జనం. పండక్కి వచ్చేవాళ్లు ముందుగా తేదీలు కనుక్కోండి.

ఎప్పుడు వస్తే బాగుంటుంది?

ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. కాలువలో ఏడాది పొడవునా నీళ్లుండవు. జూన్‌లో సార్వాకు, అంటే వానాకాలం పంటకు, నీళ్లు వదులుతారు. దాళ్వా, అంటే రెండో పంట, చేతికొచ్చాక, ఏప్రిల్ ప్రాంతంలో కాలువలు కట్టేస్తారు. ఆ నెలన్నర, రెండు నెలలు పూడిక తీత, మరమ్మతుల కాలం. మే నెలలో పిల్లలకు సెలవులని వచ్చి, ఎండిన కాలువ చూసి, "ఇదేనా కోనసీమ" అని వెళ్లినవాళ్లున్నారు.

జూలై, ఆగస్టు నెలల్లో పచ్చదనం చూడాలి, కానీ వరద భయం ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. రెండో హెచ్చరిక వచ్చిందంటే లంకల వైపు, అక్విడెక్టు కిందికి వెళ్లే ఆలోచన మానుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అన్నివిధాలా సుఖం. కనుమ నాడు వస్తే మరీ మంచిది. కారణం కింద చెబుతాను.

ఒక్క రోజే ఉంది. ఏ దారిన వెళ్లాలి?

రాజమండ్రిలో పొద్దున్నే బయల్దేరి ముందు ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూడండి. ఆనకట్ట పనిలో వాడిన యంత్రాలు, నమూనాలు ఉన్నాయి. చిన్నదే, గంట చాలు. బ్యారేజీ రోడ్డెక్కి బొబ్బర్లంక దిగితే కాలువ తల దగ్గర ఉన్నట్టే. అక్కడి నుంచి అమలాపురం వైపు రోడ్డు చాలాదూరం కాలువను అంటిపెట్టుకునే వెళుతుంది. ఆత్రేయపురం దగ్గర పక్కకు తిరిగితే వాడపల్లి వేంకటేశ్వరస్వామి గుడి. ఏడు శనివారాలు వస్తామని మొక్కుకునే భక్తులతో శనివారం రోడ్లన్నీ నిండిపోతాయి. దర్శనం ముఖ్యం కాకపోతే ఆ రోజు తప్పించండి.

ర్యాలి గుడి తప్పించొద్దు. జగన్మోహినీ కేశవస్వామి విగ్రహం ఒకే రాయి, ముందునుంచి విష్ణువు, వెనకనుంచి మోహిని. పూజారి దీపం పట్టుకుని జడ, కాలి వెనక భాగం చూపిస్తుంటే శిల్పి చేతికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. తర్వాత లొల్ల. మధ్యాహ్నం భోజనం అయ్యాక పి.గన్నవరం. ఎండ వాలాక అక్విడెక్టు చూసుకుని, ఓపిక ఉంటే వైనతేయ ఒడ్డునే ఉన్న అప్పనపల్లి బాలబాలాజీ గుడికి వెళ్లొచ్చు. అంతర్వేదిని కూడా ఈ రోజులోనే ఇరికించాలని చూడకండి. దానికి ఇంకో రోజు కేటాయించండి.

తినడానికి ఏం దొరుకుతుంది?

ఆత్రేయపురం పూతరేకులు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ మీద పల్చటి బియ్యపు పిండిలో ముంచిన గుడ్డ అలా పరిచి ఇలా తీస్తే రేకు. చాలా ఇళ్లలో ఆడవాళ్లు చేస్తారు, అడిగితే చూడనిస్తారు. చూశాక కొనకుండా రావడం మర్యాద కాదు. చాక్లెట్ పూతరేకులు కూడా అమ్ముతున్నారు; బెల్లం, నెయ్యి వేసినది తీసుకుని మిగతావి వాళ్లకే వదిలేయండి.

అంబాజీపేట వైపు వెళితే పనసాకు దొన్నెల్లో ఆవిరికి ఉడికించిన పొట్టిక్కలు తెల్లవారుజామునే అయిపోతాయి. పులస అడుగుతారని తెలుసు. అది వరద నీటికి ఎదురీది సముద్రం నుంచి నదిలోకి వచ్చే చేప. జూలై నుంచి సెప్టెంబరు దాకానే. జనవరిలో పులస పులుసు ఉందని బోర్డు పెట్టిన చోట ఇంకేదైనా తినండి.

కనుమ నాడు ఏముంది?

ప్రభల తీర్థం. అంబాజీపేట దగ్గర మొసలపల్లి పరిధిలోని జగ్గన్నతోటకు చుట్టుపక్కల పదకొండు ఊళ్ల నుంచి పదకొండు మంది రుద్రులు వస్తారు. వెదురుతో కట్టి రంగురంగుల బట్టలతో అలంకరించిన ఎత్తైన ప్రభలను మనుషులు భుజాల మీద మోసుకొస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు రోడ్డు మీద రావు. నాటిన చేలల్లోంచి, కౌశికలో దిగి, పీకల్లోతు నీళ్లలో, ప్రభ ఒరగకుండా అవతలికి దాటుతాయి. చేలు తొక్కుడు పడితే ఆ రైతు బాధపడడు, స్వామి తన పొలంలో నడిచాడని సంతోషిస్తాడు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఇదే.

జనం నదిలా కొలిచే ఆ కౌశిక, ఇరిగేషన్ శాఖ లెక్కలో మురుగు కాలువ. అక్కడినుంచే తర్వాతి ప్రశ్న.

ఇన్ని నీళ్లుండి కోనసీమ రైతులు పంట విరామం ఎందుకు ప్రకటించారు?

2011 సార్వాలో ఇక్కడి రైతులు నాట్లు వేయం అని ప్రకటించినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. ధర రాకపోవడం, కూలి ఖర్చులు ఒక కారణం. రెండోది మురుగు.

డెల్టాలో నీళ్లు తేవడం ఎంత పనో, వాడిన నీళ్లు బయటికి పంపడం అంతకంటే పెద్ద పని. నేల సముద్రమట్టానికి కాస్తే ఎత్తు. పంట కాలువ ఊరికి పైన, గట్ల మధ్య నడుస్తుంది. మురుగు కాలువ పల్లంలో పాకుతుంది. దాని నోరు సముద్రం దగ్గర ఇసుకతో పూడితే, దారిలో గుర్రపుడెక్క అల్లుకుంటే, రెండు రోజుల వానకే చేలు చెరువులవుతాయి. కోతకొచ్చిన పంట నీళ్లలో మొలకెత్తుతుంది. 1996 నవంబరు తుపాను కొబ్బరిచెట్లను పడగొట్టినప్పుడు కూడా నిలిచిపోయిన నీరే జనాన్ని రోజుల తరబడి బాధించింది.

పంట కాలువకు విగ్రహాలు, లాకులు, సినిమాలు, పడవ పోటీలు ఉన్నాయి. మురుగు కాలువకు ఏమీ లేవు. ఎవరూ దాని దగ్గర ఫొటో దిగరు. ఏ మంత్రీ దానికి కొబ్బరికాయ కొట్టి నీళ్లు వదలడు. నన్నడిగితే కోనసీమ బతుకు దానిమీదే ఎక్కువ ఆధారపడి ఉంది. ఇక్కడికి వచ్చి కాలువ అందం చూసేవాళ్లు ఒక్కసారి కౌశిక దగ్గరో, ఇంకో డ్రెయిన్ దగ్గరో ఆగి, నీరు కదులుతోందో నిలిచిందో చూడాలి. ఆ ఏడాది సార్వా ఎలా ఉంటుందో అక్కడే తెలిసిపోతుంది.

వంతులవారీ అంటే ఏమిటి? రైతులు మాట్లాడుతుంటే వింటాం.

గోదావరిలో నీళ్లు తగ్గే దాళ్వా చివర్లో అన్ని కాలువలకూ ఒకేసారి ఇవ్వలేరు. ఇన్ని రోజులు ఈ కాలువకు, ఇన్ని రోజులు ఆ కాలువకు అని మారుస్తారు. ఎగువన సీలేరు జలాశయాల నుంచి వదిలే నీళ్లు తోడైతే గట్టెక్కుతుంది. ఎగువ రైతు తూము దగ్గర నీరు ఆపితే శివారు భూములకు చుక్క అందదు. రాత్రిళ్లు టార్చిలైట్లతో గట్ల మీద తిరిగేది శివారు రైతులే.

కాలువ నీళ్లు తాగొచ్చా? ఈత కొట్టొచ్చా?

తాగొద్దు. ఊళ్ల మంచినీటి చెరువులు నింపేది ఈ నీళ్లతోనే, కాలువలు కట్టేసేముందు వేసవికి సరిపడా పట్టి ఉంచుతారు. కానీ శుద్ధి చేశాకే కుళాయికి వస్తుంది. దారి పొడవునా ఊళ్ల చెత్త, డ్రైనేజీ, చేపల చెరువుల నీరు కలుస్తున్నాయి.

ఈత విషయంలో గట్టిగానే చెప్పాలి. లాకుల కింద, అక్విడెక్టు మొదట్లో సుడులుంటాయి. ఒడ్డు నునుపు, పట్టు దొరకదు. పైకి నిదానంగా కనిపించే నీరు అడుగున లాగుతుంది. రాత్రిపూట గట్టు రోడ్డు మీద కారు నెమ్మదిగా నడపండి. మలుపుల్లో రక్షణ గోడ లేని చోట్లు చాలా ఉన్నాయి.

కారు లేకుండా రాగలమా?

రాగలరు. రైలుకు రాజమండ్రి, విమానానికి మధురపూడి. రాజమండ్రి, రావులపాలెం, అమలాపురం, రాజోలు మధ్య ఆర్టీసీ బస్సులు తిరుగుతాయి. రావులపాలెం జాతీయ రహదారి మీదే ఉంది కాబట్టి హైదరాబాద్, విజయవాడ, విశాఖ నుంచి వచ్చేవాళ్లు అక్కడ దిగొచ్చు. లొల్లకు, ర్యాలికి ఆటో మాట్లాడుకోవాలి. మాట్లాడుకునేటప్పుడు వెళ్లిరావడానికి, ఆగడానికి కలిపి అడగండి. లేకపోతే లాకుల దగ్గర మీరు నీళ్లు చూస్తుంటే, ఆటో ఆయన మీటరు లేని లెక్క చూసుకుంటూ ఉంటాడు.